నీలాపనిందలు – నేటి గృహస్థధర్మము

భాద్రపద శుద్ధ చవితినాడు తెలుగు లోగిళ్ళలో వినాయక వ్రతము ముగియు వేళ ఇంటిల్లిపాదియు చేతిలో అక్షతలు పట్టుకొని కూర్చుందురు. ఒకరు పుస్తకము చదువుచుండగా మిగిలినవారు శ్యమంతకోపాఖ్యానమును విందురు. కథ ముగిసిన పిదప అక్షతలు శిరస్సుపై చల్లుకొని, ఇక నీలాపనిందలు తమ దరి చేరవని నిశ్చింతగా లేచెదరు. తరతరములుగా వచ్చుచున్న ఈ ఆచారమున ఒక విషయము ఆలోచింపదగినది. తనపై నింద పడకుండవలెనని ప్రతివాడును కోరుకొనును. తన మూలమున మరియొకనిపై నింద పడకుండవలెనని కోరుకొనువారు మాత్రము అరుదు.

ఆ రెండవ కోరిక లేకుండుట చేతనే నేడు ఎందరో నిరపరాధులు బాధలు పడుచున్నారు. కొందరు ప్రాణములే కోల్పోయిరి. ప్రతి గృహస్థుని చేతిలోను సెల్‌ఫోను ఉన్న ఈ కాలమున, విన్న మాటను మోసికొనిపోవుట ఎంతవరకు దోషము? ఆ దోషమును ఆపవలసినది ప్రభుత్వమా, సంస్థలా, మానవుని మనస్సా? ఈ ప్రశ్నకు సమాధానము ఏటేట వినుచున్న ఆ కథలోనే కొంతవరకు లభించును.

ద్వారకలోని గుసగుసలు

సత్రాజిత్తు సూర్యభగవానుని అనుగ్రహమున శ్యమంతకమణిని పొందెను. దానిని యాదవ ప్రభువునకు ఇమ్మని శ్రీకృష్ణుడు కోరగా అతడు నిరాకరించెను. కొన్నాళ్ళకు సత్రాజిత్తు తమ్ముడు ప్రసేనుడు మణిని ధరించి వేటకు పోయి తిరిగి రాలేదు. మణిని అడిగినవాడు కృష్ణుడు. మణిని ధరించినవాడు కనబడుట లేదు. ఈ రెండింటిని ముడివేసి, కృష్ణుడే తన తమ్ముని చంపియుండునని సత్రాజిత్తు పలికెను.

సత్రాజిత్తు పలికినది అనుమానము మాత్రమే. ఆ మాట విన్న పురజనులు దానిని ఒకరి చెవిలో ఒకరు ఊదుకొనిరని భాగవతము చెప్పుచున్నది. వదంతి నడక ఎప్పుడును ఒక్కటే. మొదటి నోట "చంపియుండును" అన్నది రెండవ నోట "చంపినాడట" అగును. మూడవ నోటికి చేరునప్పటికి "చంపినాడు" అని స్థిరపడును. తెలుగు భాషలో "అట" అను చిన్న మాట ఎంతో విలువైనది. తాను కన్నది వేరు, విన్నది వేరు అని వినువానికి తెలియజేయుటకు అది ఒక కంచె వంటిది. ఆ కంచె ఊడిపోయిన చోటనే అపనింద పుట్టును.

నింద పడిన పిదప శ్రీకృష్ణుడు చేసిన పని గమనింపదగినది. ద్వారకలో ఆయన మాటకు ఎదురు లేదు. సత్రాజిత్తును బంధింపజేయవచ్చును, గుసగుసలాడువారిని శిక్షింపజేయవచ్చును. ఆయన అట్లు చేయలేదు. పౌరులను వెంటబెట్టుకొని అడవికి పోయెను. ప్రసేనుని జాడ పట్టి నడచెను. ప్రసేనుని, అతని గుఱ్ఱమును సింహము చంపినట్లు కనబడెను. సింహపు జాడ పట్టి పోగా, దానిని భల్లూకము చంపినట్లు తెలిసెను. భల్లూకపు జాడ జాంబవంతుని గుహకు చేర్చెను. ఒక మాటలోని నిజము తెలియవలెనన్న దాని అడుగుజాడలు పట్టి మూలము వరకు నడువవలెనని సాక్షాత్తు భగవంతుడే నడచి చూపెను.

నాలుగవ కార్డు

ఒకనాటి గొలుసు ఉత్తరములు పెద్దలకు జ్ఞాపకముండును. 1970, 80 దశకములలో ఇంటికి వచ్చిన పోస్టుకార్డుపై ఒక దేవుని పేరు, ఒక మహిమ, చివర ఒక షరతు ఉండెడివి. ఇట్టి కార్డులు ఇన్ని వ్రాసి పంపినచో శుభము, పంపనిచో కీడు అని దాని సారాంశము. భయపడిన ఇల్లాలు డబ్బు పెట్టి కార్డులు కొని, చేయి నొప్పి పుట్టునట్లు కూర్చుండి వ్రాసెడిది. అది అజ్ఞానమే. అయినను ఆ పనిలో శ్రమయు, ఖర్చును ఉండుటచే, నాలుగవ కార్డు వ్రాయునప్పుడైనను "ఇది నిజమేనా?" అను సందేహము పొడసూపుటకు అవకాశముండెడిది.

నేటి ఫోనులో ఆ నాలుగవ కార్డు లేదు. బొటనవ్రేలు ఒకమారు కదలినచో వార్త బంధువర్గమునకంతటికిని చేరును; వారి నుండి వారి మిత్రవర్గములకు పోవును. వ్రాయనక్కరలేదు, చదువను కూడ అక్కరలేదు. పూర్వము వదంతిని మోసినవాడు కనీసము దానిని తన నోట పలికెడివాడు. నేడు పలుకకయే మోయుచున్నాడు. భక్తులును ఇందుకు అతీతులు కారు. పదకొండు మందికి పంపినచో సాయంత్రములోగా శుభవార్త వినెదరను సందేశములు దేవుని పటముతో కూడ నేటికిని తిరుగుచునే ఉన్నవి. దర్శనపు టిక్కెట్ల పేరిట వెలసిన నకిలీ వెబ్‌సైట్లను గూర్చి తిరుమల తిరుపతి దేవస్థానము పలుమార్లు హెచ్చరించినది. అట్టి చిరునామాను మంచి మనస్సుతోనే పదిమందికి పంపిన భక్తుడు, ఎవరి ముడుపు ఎవరి పాలైనదో ఎన్నటికిని ఎరుగడు.

రైన్‌పాడా

ధనము పోయిన తిరిగి సంపాదించుకొనవచ్చును. ప్రాణము పోయిన తిరిగి రాదు.

2018 జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామమున సంత జరుగుచున్నది. షోలాపూర్ జిల్లాకు చెందిన ఐదుగురు మనుష్యులు ఆ గ్రామమున అడుగిడిరి. వారు నాథ సంప్రదాయమునకు చెందిన దవరీ గోసావులు; ఊరూర తిరిగి భిక్షాటనముతో బ్రతుకువారు. పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని అంతకు ముందు నుండియే ఆ ప్రాంతపు ఫోనులలో వదంతులు వ్యాపించియున్నవి. కొత్త ముఖములను చూచి జనులు అనుమానించిరి. గుంపుగూడి ఆ ఐదుగురిని కొట్టి చంపిరి. ఆ మృతులు ఏ బిడ్డను అపహరించినవారు కారు.

గుమ్మమున నిలిచి భిక్ష అడిగినవానిని నారాయణ స్వరూపునిగ భావించిన దేశమిది. చేటలో గుప్పెడు బియ్యము తెచ్చి జోలెలో పోసి నమస్కరించుట నిన్నమొన్నటి వరకు ప్రతి యిల్లాలి నిత్యకృత్యము. అట్టి దేశమున భిక్షుకుని చూడగనే రాయి అందుకొనుటకు కారణమైనది ఆకలి కాదు, పగ కాదు, ఒక మాట. ఆ మాటను ఆ గ్రామము వరకు చేర్చినవారిలో ఎక్కువమంది ఎవరికిని కీడు తలపెట్టినవారు కారు. తమవలెనే బిడ్డలు గలవారిని హెచ్చరించుచున్నామనుకొనినవారే. ఆ రాత్రి వారందరును తమ యిండ్లలో సుఖముగ నిద్రించియుందురు. తమ చేయి అంత దూరము సాగినదని వారికి తెలియదు.

ఆ ఏట దేశమున తిరిగిన దృశ్యములలో ఒకటి, మోటారుసైకిలుపై వచ్చిన ఇద్దరు వీధిలోని బాలుని ఎత్తుకొనిపోవునట్టిది. అది పాకిస్తానులోని కరాచీలో బాలల రక్షణకై తీసిన ప్రచార చిత్రము. అసలు చిత్రమున ఆ యిద్దరు బాలుని వెంటనే తిరిగి తెచ్చి దింపుదురు. తల్లిదండ్రులు జాగ్రత్తగ ఉండవలెనను హెచ్చరిక చూపుదురు. ఎవరో ఆ చివరి భాగమును కత్తిరించిరి. మిగిలిన భాగము భీకరమైన అబద్ధమైనది.

ఇట్టి కత్తిరింపు భారతకథకు కొత్త కాదు. కురుక్షేత్రమున అశ్వత్థామ చనిపోయెనని ధర్మరాజు ద్రోణునకు వినబడునట్లు పలికి, చనిపోయినది ఏనుగను మాటను అస్పష్టముగ పలికెను. అంతవరకు నేలకు నాలుగంగుళముల ఎత్తున నడచుచుండిన ఆయన రథము ఆ క్షణమున భూమిని తాకెను. ఆయన నిజము చివరను మాత్రమే మరుగుపరచెను. అంతటి సత్యవ్రతునకే ఆ ఫలము తప్పలేదు. చివర తెగిన దృశ్యమును ఎరుగక పంపినవాని దోషము అంతటిది కాకపోవచ్చును. కాని దానికి మొదలు ఎచ్చట, చివర ఎచ్చట అని ఒక్క నిమిషమైనను వెదకకుండుట అతని దోషము కాకపోదు.

మూడు అభిప్రాయములు

రచ్చబండ వద్దను, రైలుపెట్టెలోను, ఆలయ మండపములోను ఈ విషయమై వినవచ్చు అభిప్రాయములు ముఖ్యముగ మూడు. ప్రభుత్వము కఠినమైన చట్టము చేయవలెనని కొందరు. ఫోనులో ఆ సౌకర్యము కల్పించిన సంస్థయే ఆపవలెనని మరికొందరు. "ఎవరో పంపినారు, నేను పంపితిని, ఇందు నా తప్పేమున్నది?" అని పెక్కుమంది.

చట్టము అవసరమే. గుంపుదాడులను అరికట్టుటకు ప్రభుత్వములు చేయవలసిన పనులను సుప్రీంకోర్టు 2018 జూలై 17న విస్పష్టముగ నిర్దేశించినది. అయినను చట్టము మోటైన త్రాడు వంటిది. దొంగను కట్టుటకు పేనిన త్రాడు దొరకు చేతిని బట్టి దొరను కాని వానిని కూడ కట్టును. సమాచార సాంకేతిక చట్టమున 2008 సవరణ ద్వారా చేరిన 66-ఎ సెక్షను, ఇతరులకు చికాకు, అసౌకర్యము కలిగించు సందేశములను కూడ నేరములలో చేర్చినది. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఫేస్‌బుక్‌పై ఒక వ్యాఖ్య వ్రాసిన యువతియు, దానిని మెచ్చుకొనిన మరియొక యువతియు అరెస్టయిరి. అనంతరము శ్రేయా సింఘాల్ అను న్యాయవిద్యార్థిని వేసిన వ్యాజ్యముపై సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఆ సెక్షనును కొట్టివేసినది. చికాకు అను మాటకు హద్దు లేదు. అధికారమున ఉన్నవానికి తనపై వచ్చిన ప్రతి విమర్శయు చికాకుగనే తోచును. శ్రీకృష్ణుడు సత్రాజిత్తు నోరు మూయింపక అడవిదారి పట్టుటలోని రాజనీతి ఇట్టి సందర్భమున బోధపడును.

మాట మొదట పుట్టిన చోటును చెప్పగలుగవలెనని 2021 ఫిబ్రవరి 25న వెలువడిన నియమములు పెద్ద సందేశ సంస్థలను ఆదేశించినవి. సందేశములు పంపినవానికిని, అందుకొనినవానికిని తప్ప తమకైనను తెలియని విధముగ గుప్తలిపిలో పోవుచున్నవనియు, ఆ రహస్యము చెడుననియు వాట్సాప్ సంస్థ ఆ మే నెలలో ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించినది. ఇరుపక్షముల వాదమునందును బలమున్నది. నిరపరాధుల మరణమునకు మూలమైన మాట ఎవరిదో తెలియవలెననుట న్యాయము. తల్లి కూతురికి పంపిన కుశలప్రశ్నను మూడవవాడు చదువరాదనుటయు న్యాయమే. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము 2017 ఆగస్టు 24న ఏకగ్రీవముగ తీర్పు చెప్పియున్నది.

ఇక సంస్థ చేసిన పని కూడ ఉన్నది. 2018లో, వేరొకచోట నుండి వచ్చిన సందేశముపై "ఫార్వర్డెడ్" అను గుర్తు కనబడు ఏర్పాటు చేసినది. ఊడిపోయిన "అట" ను తిరిగి అతికించుటయే అది. అదే ఏట జూలైలో భారతదేశమున ఒక్కమారు ఐదు చోట్లకు మించి పంపరాదని పరిమితి పెట్టినది. 2019 జనవరిలో ప్రపంచమంతటను ఇరువదిగ ఉన్న పరిమితిని ఐదునకు తగ్గించినది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే పలుచేతులు మారిన సందేశమును ఒకమారు ఒక్కచోటికే పంపవలెనని కట్టడి చేసినది. అట్టి సందేశములు డెబ్బది శాతము తగ్గినవని ఆ సంస్థయే ప్రకటించినది. ఈ తగ్గుదల ఒక పాఠము నేర్పుచున్నది. నిజముగ ఆపద వచ్చినదని నమ్మినవాడు ఎన్నిమార్లు నొక్కవలసి వచ్చినను నొక్కును. చిన్న అడ్డంకి రాగానే చేయి ఆగినదనగా, పంపిన వానిలో అధికభాగము నమ్మకముతో పంపినవి కావు. సులువుగ ఉన్నందున పంపినవి. యంత్రము కొంతవరకు నాలుగవ కార్డును తిరిగి తెచ్చినది. అంతకు మించి దానికి చేతకాదు.

మూడవ అభిప్రాయమే మిక్కిలి ప్రమాదకరమైనది. కార్యము చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు – ఈ నలుగురును ఫలమున భాగస్వాములని పెద్దలు చెప్పుదురు. పాల్ఘర్‌లో మెచ్చుకొనిన యువతిని చట్టము పట్టుకొనుట అన్యాయము కాగా, ఆమోదించినవానిని ధర్మము పట్టుకొనుట న్యాయమెట్లగునని ఎవరైన అడుగవచ్చును. భేదము ఇది: చట్టము పరుని శిక్షించును, కావున దానికి స్పష్టమైన హద్దులుండవలెను. ధర్మము తనను తాను పరీక్షించుకొను సాధనము, కావున దానికి సూక్ష్మదృష్టి ఉండవలెను. ధర్మసూక్ష్మమును పోలీసుల చేతికిచ్చినచో పీడన అగును. చట్టము పట్టుకొనలేదు గనుక తప్పు లేదనుకొనినచో అంతఃకరణము చచ్చును.

గృహస్థుడు చేయదగినది

భగవద్గీత పదునేడవ అధ్యాయమున వాక్కుతో చేయదగిన తపస్సు చెప్పబడినది. ఎదుటివాని మనస్సును కలతపెట్టనిది, సత్యమైనది, ప్రియమైనది, హితమైనది యగు పలుకు తపస్సగును. ఈ నాలుగు లక్షణములును ఒకేచోట ఉండవలెను. నేటి గృహస్థునకు వేలితో పంపు మాటయు వాక్కే. విన్న మాటను విచారింపక నమ్మరాదని బోధించు సుమతీ శతక పద్యమును కంఠస్థము చేయని తెలుగు బిడ్డలు పూర్వము అరుదు. కంఠమున ఉన్నదానిని వ్రేలికి దింపుకొనుటయే నేటి సాధన.

"విచారించుచు కూర్చుండు లోపల నిజముగ బిడ్డ అపహరింపబడిన ఏమగును?" అను ప్రశ్న కలుగుట సహజము. ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. భయమునకు మూలము మమకారము. కాని నిజమైన ఆపదకు తగిన చిరునామా నాలుగు వందలమంది గల బృందము కాదు. తాను కన్నదానిని కన్నచోటు, కన్నవేళతో సహా పోలీసులకు గాని, బాలల సహాయమునకై ఉన్న 1098 నంబరునకు గాని తెలుపవలెను. అట్లు తెలుపుటకు సాహసము చాలనిచో, తన మాటపై తనకే నమ్మకము లేదన్నమాట. తానే నమ్మని మాటను ఇతరుల భుజములపై ఎత్తుట ఏల?

2018 మే నెలలో తెలుగునాట కూడ ఇట్టి వదంతులు వ్యాపించి, అమాయకులపై దాడులు జరిగి ప్రాణనష్టము కలిగినది. ఆ దినములలో జోగుళాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణిగ ఉన్న రెమా రాజేశ్వరి తన సిబ్బందిని పల్లెపల్లెకు పంపి, జానపదుల పాటలతో, డప్పులతో, ఫోనులో వచ్చినదెల్ల నమ్మరాదని ప్రజలకు నచ్చజెప్పించెను. శిక్ష కంటె ముందు శిక్షణ నడచినది. అలంపురమున జోగుళాంబ అమ్మవారు వెలసిన ఆ సీమలో, జనుల మాటను జనుల పాటతోనే సరిదిద్దిన ఆ ప్రయత్నము స్మరింపదగినది.

అయినను ఎంత జాగరూకుడైనను ఒకప్పుడు పొరపడవచ్చును. అప్పుడేమి చేయవలెను? ఇందుకు కథలోని ఉత్తరభాగము వినవలెను. గుహ వెలుపల పన్నెండు దినములు ఎదురుచూచి తిరిగివచ్చిన పౌరులు, కృష్ణుడు కానరాడని చెప్పగా, ద్వారకావాసులు సత్రాజిత్తును దూషించిరి. నిన్న గుసగుసలాడిన నోళ్ళే నేడు శపించినవి. తమ గుసగుసలను గూర్చి వారు ఒక్కమాటయు అనుకొనినట్లు కనబడదు. శ్రీకృష్ణుడు మణితో తిరిగివచ్చి, సభలో రాజు ఎదుట సత్రాజిత్తును పిలిపించి, జరిగినది చెప్పి మణిని అప్పగించెను. సత్రాజిత్తు తల వంచుకొని మణిని అందుకొనెను. ఇంటికి పోయి పశ్చాత్తాపముతో దహించుకొనిపోయెను. పిదప తన కుమార్తె సత్యభామను, ఆ మణిని కూడ ఆయనకే సమర్పింపబూనెను. కృష్ణుడు సత్యభామను చేపట్టి మణిని తిరిగి యిచ్చివేసెను. నిందను పుట్టించినవానికి కథలో ప్రాయశ్చిత్తము ఉన్నది. మోసినవారికి లేదు, వారు అడుగనే లేదు.

తప్పు సందేశము ఏ యే బృందములకు పంపెనో ఆ యా బృందములకే "అది నిజము కాదు, నేను పొరపడితిని" అని వ్రాయుట నేటి గృహస్థుని ప్రాయశ్చిత్తము. చడిచప్పుడు లేక దానిని తుడిచివేయుట చాలదు. తండ్రి పంపిన తప్పును కుమారుడు నలుగురిలో ఎత్తి చూపక, ఏకాంతమున వినయముతో చెప్పవచ్చును. చెప్పినప్పుడు కోపగింపక సరిదిద్దుకొనిన తండ్రి వలన ఆ యింటి పిల్లలకు కలుగు విద్య ఏ పాఠశాలయందును లభింపదు.

సందేశము పోవు దారిలో ఎవరును చూడలేరని సంస్థ చెప్పుచున్నది. ప్రభుత్వమునకు కనబడదు, సంస్థకును కనబడదు. అది మంచిదే. అయినను అందుకొనిన క్షణమునకును పంపిన క్షణమునకును నడుమ ఒక చిన్న విరామము కలదు. ఆ విరామమున మానవుడు ఒంటరివాడు కాడు. హృదయమున ఉండి సమస్తమును చూచు అంతర్యామి అచ్చట సాక్షిగ నిలిచియున్నాడు. ఏ చట్టమును చొరలేని ఆ చోట ఆయన సన్నిధిని తలచుకొని చేయి ఆపుటయు ఒక అర్చనయే.

రానున్న వినాయక చవితినాడు కథ విని అక్షతలు శిరస్సున దాల్చువారు, తమపై నింద రాకుండవలెనను కోరికతో పాటు, తమ చేతి మీదుగ ఏ నిరపరాధి గుమ్మమునకును నింద చేరకుండవలెనను కోరికను కూడ విఘ్నేశ్వరుని పాదముల చెంత ఉంచుదురు గాక! ఇంటింట గుమ్మమున నిలిచిన భిక్షుకుడు నిర్భయముగ జోలె చాచును గాక!